బెల్లం, బియ్యం అమ్మే చిన్న వ్యాపారంలో ఏఐ: ఏ పని అప్పజెప్పాం, ఏది చేతికివ్వలేదు

పైన వీడియోలో మా ప్యాకింగ్ షెడ్డు, ఫోన్లో ఆర్డర్లు వచ్చే తీరు, వాటిని షీట్‌లోకి ఎక్కించే పద్ధతి చూపించాను. వీడియోలో చెప్పడానికి టైం చాలని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. "అన్నా, ఏఐ పెట్టుకుంటే మనిషి అక్కర్లేదంట కదా" అని కొందరు అడుగుతున్నారు. "ఆవు పేడతో చేసేవాడికి ఏఐ ఎందుకయ్యా" అని ఇంకొందరు. మొదటివాళ్లకి నా జవాబు: మనిషి కావాలి, ఇంకాస్త జాగ్రత్తగా చదివే మనిషి కావాలి. రెండోవాళ్లకి: పొలంలో అక్కర్లేదు, పొలం నుంచి సరుకు బయటికి వెళ్లాక మొదలయ్యే రాతకోతల దగ్గర పనికొస్తుంది.

కొత్తగా చూసేవాళ్ల కోసం నా గురించి రెండు ముక్కలు. మాది ఉయ్యూరు పక్కన. అగ్రికల్చర్ డిప్లొమా చేశాను. చెరకు, పసుపు, సార్వాలో దేశవాళీ వరి, కోతయ్యాక మినుము. సొంతంగా చేసేది నాలుగున్నర ఎకరాలే. మాతోపాటు ప్రకృతి వ్యవసాయం చేసే పద్నాలుగు మంది రైతుల దగ్గర పంట తీసుకుని విజయవాడ, హైదరాబాద్ ఇళ్లకు పంపుతాం. మా ఊరంటే చక్కెర ఫ్యాక్టరీ ఊరు. అలాంటిచోట నల్ల బెల్లం వండి అమ్ముతున్నామంటే అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. వచ్చే మెసేజ్‌లలో సగం అవే. "బెల్లం ఇంత నల్లగా ఉందేంటి?" "వానాకాలం కారిపోతోంది, పాడైందా?" "బియ్యంలో ముక్క పురుగు వచ్చింది, వాడొచ్చా?" "పసుపు రంగు తక్కువుందేం?"

ఈ ప్రశ్నలకి జవాబులు మనందరికీ తెలుసు. హైడ్రోస్ వేస్తే బెల్లం పసుపు పచ్చగా మెరుస్తుంది, వెయ్యం కాబట్టి నల్లగా ఉంటుంది. బెల్లం గాల్లో చెమ్మ పీల్చుకుంటుంది కాబట్టి వానల్లో మెత్తబడుతుంది. మందు పెట్టని బియ్యంలో పురుగు రావడం మామూలే, నీడన ఆరబోసి చెరిగి, ఎండు వేపాకు వేసి మూత బిగించుకోవాలి. తెలిసినా, రోజుకి ముప్పై మందికి ముప్పైసార్లు ఓపిగ్గా రాయాలి కదా. సంక్రాంతి ముందు పదిహేను రోజులైతే బెల్లం పొయ్యి దగ్గర పాకం చూడాలా, ఫోన్ చూడాలా అన్నట్టుంటుంది. మా వ్యాపారంలోకి ఏఐ వచ్చింది ఈ ఇరుకులో నుంచే.

ముందు ఈ యంత్రం ఏం చేస్తుందో తెలుసుకోవాలి. జనరేటివ్ ఏఐ అంటే లైబ్రరీ కాదు, లోపల పుస్తకాలు పెట్టుకుని వెతికి ఇచ్చేది కాదు. కోట్ల కొద్దీ పేజీలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో నేర్చుకున్న యంత్రం. మనం ప్రశ్న వేస్తే ఒక్కో ముక్కా పేర్చుకుంటూ జవాబు అల్లుతుంది. అల్లిక బాగుంటుంది, వాక్యం తడబడదు. అందులో ఉన్న సంగతి నిజమా కాదా అనేది వేరే విషయం. 2022 నవంబరు ఆఖర్లో చాట్‌జీపీటీ బయటికొచ్చాక లోకమంతా ఇదే గొడవ. మనకి గొడవ ఇంకాస్త ఎక్కువ. ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఇంగ్లీషుతో పోలిస్తే తెలుగు రాత చాలా తక్కువ. ఆ తెలుగులో వ్యవసాయం తక్కువ. ఆ వ్యవసాయంలో ప్రకృతి వ్యవసాయం ఇంకా తక్కువ. మన విజ్ఞానమంతా వీడియోల్లో, మీటింగుల్లో, గట్టు మీద మాటల్లో ఉంది, కాగితం మీద లేదు. యంత్రం చదవని చోట ఊరుకోదు, పక్కన చదివినదాంతో పూడ్చేస్తుంది. పక్కన ఉండేది రసాయన వ్యవసాయం, లేకపోతే ఉత్తరాది పద్ధతులు.

దీన్ని నేను పరీక్షించి చూశాను. వ్యాపారంలో పెట్టక ముందు నెల రోజులు పరీక్షలే చేశాను, ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ. ఎకరానికి జీవామృతం ఎలా అని తెలుగులో మూడుసార్లు మూడు రకాలుగా అడిగాను. మనం చేసేది తెలిసిందే: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి, 48 గంటలు నీడన. ఒకసారి సరిగ్గానే చెప్పింది. ఇంకోసారి బెల్లం కొలత మార్చేసింది. మూడోసారి పప్పుపిండి మర్చిపోయి, మనం అడక్కుండానే "మంచి ఫలితం కోసం కొద్దిగా యూరియా" అని సలహా ఇచ్చింది! నవ్వొచ్చింది గానీ, కొత్తగా ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చిన కుర్రాడు అదే అడిగితే? నీమాస్త్రం గురించి అడిగితే అగ్నిఅస్త్రంలాగా నీళ్లు కలుపుకోమంది. అగ్నిఅస్త్రం అడిగితే నేరుగా కొట్టమంది. మీకు తెలుసు, నీమాస్త్రం వంద లీటర్ల నీళ్లలోనే తయారవుతుంది, వడకట్టి అలాగే కొడతాం. అగ్నిఅస్త్రం మూత్రంలో మరగబెట్టిన చిక్కటి కషాయం. నీళ్లు కలపకుండా లేత ఆకు మీద కొడితే మాడి ఊరుకుంటుంది. మూడు జవాబులూ ఒకే ధీమాతో చెప్పింది. మనిషైతే తెలియనప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది. దీనికి ఆ తగ్గడం లేదు.

అందుకని మొట్టమొదట పెట్టుకున్న కట్టుబాటు: కొలతలు, మోతాదులు, రోజుల లెక్కలు యంత్రం సొంత తలలోంచి చెప్పకూడదు. మేం రాసిపెట్టిన కాగితంలో ఉంటేనే చెప్పాలి. లేకపోతే "అడిగి చెప్తాం" అనాలి.

ఇది నేను కనిపెట్టింది కాదు. పెద్ద ఎత్తున చేసినవాళ్లు కూడా ఈ దారిలోనే వెళ్లారు. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రైతులతోనే రైతుల కోసం చిన్న వీడియోలు తీసి ఊళ్లలో చూపించేది వాళ్ల పద్ధతి. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయ వీడియోల విషయంలో రైతు సాధికార సంస్థతో కలిసి పనిచేశారు. వాళ్లు 2023లో ఫార్మర్ చాట్ అనే ఏఐ సాధనం తెచ్చారు. దాని గుట్టు ఏంటంటే, ప్రశ్న రాగానే యంత్రాన్ని ఊహించి చెప్పమనరు. ముందు పరిశోధన కాగితాలు, శిక్షణ పుస్తకాలు, రైతుల వీడియోల్లోని మాటలు ఉన్న తమ సొంత నిల్వలో వెతికి, అక్కడ దొరికిన ముక్కలు యంత్రం ముందు పెట్టి, "వీటి ఆధారంగా చెప్పు" అంటారు. 2024లో వాళ్లు రాసిన పరిశోధన పత్రం ప్రకారం ఇండియా, కెన్యా, ఇథియోపియా, నైజీరియా నాలుగు దేశాల్లో 15,000 మందికి పైగా రైతులకు, 3 లక్షలకు పైగా ప్రశ్నలకు ఇది జవాబిచ్చింది. ప్రశ్నల్లో 75 శాతానికి పైగా సరిగా జవాబివ్వగలిగింది అని రాశారు. నేనైతే ఆ లెక్కని తిప్పి చదివాను. అంత కాగితం, అంతమంది మనుషులు ఉన్న సంస్థకే నాలుగింట ఒక వంతు దాకా జవాబు దొరకలేదన్నమాట. మన ఫోన్లో ఉచితంగా దొరికే యాప్‌ని ఏ కాగితమూ ఇవ్వకుండా అడిగితే ఎంత నమ్మాలో మీరే చూస్కోండి.

ఖమ్మం మిర్చి రైతుల దగ్గర జరిగిన సాగు బాగు సంగతి కూడా కొందరు అడిగారు. తెలంగాణ ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్ కలిసి 2022లో మొదలుపెట్టింది, తొలి దశలో 7,000 మంది రైతులు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందు 9 శాతం తగ్గిందని ప్రకటించారు. అందులో చాట్‌బాట్ ఒక భాగం మాత్రమే. మట్టి పరీక్ష, మిర్చి నాణ్యత కొలిచే యంత్రం, కొనేవాళ్లతో కలిపే వేదిక అన్నీ ఉన్నాయి. "ఏఐతో 21 శాతం పెరిగింది" అని మీకు ఎవరైనా ఏదైనా అమ్మడానికి వస్తే, ఏ భాగం వల్ల పెరిగిందని అడగండి.

ఇలా అమ్మడానికి మా షెడ్డుకీ వచ్చారు. ఏడాదికి నలభై వేలు, మీ వాట్సాప్‌కి ఏఐ బాట్ పెడతాం అన్నారు. డెమో చూపించారు. చూస్తే అందులో సగం పని వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఊరికే ఉన్న క్విక్ రిప్లై చేసేస్తుంది. "ధరలు" అని టైప్ చేస్తే ధరల పట్టీ, "చిరునామా" అంటే లొకేషన్. దీనికి ఏఐ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. మీలో ఇంకా అది వాడనివాళ్లుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు అది పెట్టుకోండి. నిజంగా చెప్తున్నా, సగం బరువు దాంతోనే దిగుతుంది.

మిగతా సగానికి మేం చేసింది ఇదీ. వచ్చిన మెసేజ్‌లు ఆరు నెలలవి వెనక్కి తిరిగి చదివాం. నేనూ, ప్యాకింగ్, ఆర్డర్లు చూసే మా చెల్లెమ్మా కూర్చుని, ఒకేలాంటివి ఒకచోట చేర్చాం. చివరికి 41 ప్రశ్నలు తేలాయి. ప్రతిదానికీ మా మాటల్లో, మా తెలుగులో జవాబు రాశాం. రాయడానికే పదకొండు రోజులు పట్టింది, రోజూ సాయంత్రం కూర్చుంటే. కొన్నింటికి మా ఇద్దరికీ జవాబు కుదరలేదు, బెల్లం వండే బాబాయిని పిలిచి అడిగాం. "బెండ జిగురు ఎప్పుడు వేస్తావు, మడ్డి ఎప్పుడు తీస్తావు" అని అడిగి, ఆయన చెప్పింది ఫోన్లో రికార్డు చేసి రాసుకున్నాం. ఆ ఫైలే మా ఏఐ మొత్తానికి వేరు. మెసేజ్ వస్తే చెల్లెమ్మ దాన్ని యాప్‌లో పెడుతుంది, యాప్ ఆ ఫైలు చూసి జవాబు డ్రాఫ్ట్ రాస్తుంది, చెల్లెమ్మ చదివి, దిద్ది, తన చేత్తో పంపుతుంది. యంత్రం నేరుగా కస్టమర్‌కి ఒక్క మెసేజ్ కూడా పంపదు. ధరలు, స్టాకు ఆ ఫైల్లో పెట్టలేదు, అవి షీట్‌లో చూసి మనిషే రాయాలి.

డ్రాఫ్ట్ రాయడం, పంపడం వేరువేరుగా ఎందుకు పెట్టామో ఒక ఉదాహరణతో చెప్తాను. దీని మీదే మా వ్యాపారం నిలబడి ఉంది.

పోయిన డిసెంబర్లో విజయవాడ పటమట నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టారు. "మా అమ్మకి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటోంది. చక్కెర మాన్పించాం. మీ నల్ల బెల్లం పెట్టొచ్చా? పెట్టొచ్చంటే నెలకి మూడు కిలోలు పంపండి." అప్పటికి మా 41 ప్రశ్నల్లో ఇది లేదు. కాగితంలో లేనిది చెప్పొద్దని రాసిపెట్టినా, యంత్రం డ్రాఫ్ట్ ఇలా వచ్చింది: "తప్పకుండా పెట్టవచ్చు. మా బెల్లం పూర్తిగా సహజసిద్ధమైనది. ఖనిజాలు సమృద్ధిగా ఉండటం వల్ల మధుమేహం ఉన్నవారు కూడా నిర్భయంగా తీసుకోవచ్చు." చక్కటి తెలుగు. ఒక్క అక్షరం తప్పు లేదు. మందులేయకుండా పండించామన్నది నిజం, ఖనిజాలు కొన్ని ఉంటాయన్నది నిజం, వాటి పక్కన ఆ మూడో ముక్క పెద్దావిడ ప్రాణం మీదకి తెచ్చేది. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. ఎలా పండించినా, ఎంత నల్లగా ఉన్నా రక్తంలో షుగర్ పెంచుతుంది.

యంత్రానికి ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? మన దగ్గర నుంచే వచ్చింది. ఇది కాస్త చేదుగానే ఉంటుంది గానీ చెప్పాలి. పదేళ్లుగా వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో "ఈ బియ్యం తింటే షుగర్ మాయం", "ఈ బియ్యం కీళ్లనొప్పులకి మందు", "ఈ బెల్లం ఎవరైనా తినొచ్చు" అని పెట్టినవాళ్లు కంపెనీలు కాదు, మన సరుకు అమ్ముకునే మనవాళ్లే. నవారా, కాలాభట్టి, బహురూపి పేర్ల పక్కన జబ్బుల లిస్టులు పెట్టుకుంటూ పోయాం. యంత్రం అవన్నీ చదివింది. ఇప్పుడు తిరిగి మనకే, నున్నటి భాషలో, మన షాపు పేరు మీద చెప్తోంది. చట్టం సంగతి కూడా చూస్కోండి. 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన ప్రకటనల నిబంధనల ప్రకారం ఆహారం జబ్బు నయం చేస్తుందని చెప్పి అమ్మకూడదు. "నేను రాయలేదు సార్, ఏఐ రాసింది" అంటే ఎవరూ వినరు. ప్యాకెట్ మీద ఉండేది మన పేరు.

చెల్లెమ్మ ఆ డ్రాఫ్ట్ పంపకుండా నాకు చూపించింది. మేం రాసి పంపింది ఇది: "అమ్మా, బెల్లం కూడా చక్కెరే. మందుల్లేని చక్కెర, అంతే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి డాక్టరు గారిని అడక్కుండా పెట్టొద్దు." నెలకి మూడు కిలోల ఆర్డరు పోయింది. ఆవిడ మినపగుళ్లు ఒక కిలో పంపమన్నారు. ఆ తర్వాత షుగర్, బీపీ, గర్భిణి, పసిపిల్లలు, మందులు, ఆపరేషన్ అనే మాటలు వచ్చిన ఏ మెసేజ్ అయినా యాప్‌లో పెట్టనే పెట్టకూడదని గోడ మీద కాగితం అంటించాం. వీడియోలో తక్కెడ వెనకాల కనిపించేది ఆ కాగితమే. ఇంకోవైపు బియ్యం పేజీలన్నీ తిరిగి రాసుకున్నాం. ఇప్పుడు వాటిలో రంగు, వాసన, నానబెట్టే టైం, ఎన్ని విజిల్స్, గంజి ఎలా ఉంటుంది, ఏ రైతు ఏ పొలంలో పండించాడు, ఇవే ఉంటాయి. కొనేవాళ్లు ఇవే ఎక్కువ అడుగుతున్నారు కూడా.

సర్టిఫికెట్ మాటల దగ్గర కూడా ఇలాంటి జారుడే ఉంది. మా గ్రూపులో కొందరు పీజీఎస్ గ్రీన్‌లో ఉన్నారు, అంటే మార్పిడి దశ. కొందరికి పీజీఎస్ ఆర్గానిక్ వచ్చింది. మనకి ఈ తేడా అంటే ఏళ్ల కష్టం. యంత్రానికి రెండూ ఒకటే. లేబుల్ మాటలు రాయమంటే "సర్టిఫైడ్ ఆర్గానిక్", "100 శాతం కెమికల్ ఫ్రీ" అని అందంగా పెట్టేస్తుంది. మార్పిడిలో ఉన్న రైతు సరుకు మీద ఆ మాట పడితే, గ్రూపులో మిగిలినవాళ్ల సర్టిఫికెట్ మీద కూడా అనుమానం వస్తుంది. పీజీఎస్ అంటేనే ఒకరికొకరు హామీ పడటం కదా. అందుకని లేబుల్ పూర్తిగా చేత్తోనే. అక్కడ ఏఐకి ప్రవేశం లేదు.

ఇప్పటిదాకా కాళ్లకి అడ్డంపడ్డ సంగతులే చెప్పాను. బాగా కలిసొచ్చింది ఒకటుంది, డైరీ. పీజీఎస్‌కి పొలం రికార్డు కావాలి: ఏ రోజు ఏం వేశాం, ఏం కొట్టాం, ఎంత కోశాం. రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు. పరిశీలనకి వచ్చేముందు రోజు రాత్రి కూర్చుని ఏడాదంతా రాసేవాళ్లు ఎంతమందో మనకి తెలుసు! ఇప్పుడు మా రైతులు పొలం నుంచి వాయిస్ మెసేజ్ పెడతారు. "ఇయ్యాల చెరువు కింద చేలో ఘన జీవామృతం నాలుగు బస్తాలు చల్లాను, మినుముకి నల్లి కనపడతంది" అంతే. యాప్ దాన్ని రాతగా మార్చి, తేదీ, పొలం, పంట, పని అని గళ్లలో సర్దుతుంది. ఆదివారం రైతుకి తిరిగి చదివి వినిపిస్తాం, ఆయన అవునంటేనే పుస్తకంలోకి ఎక్కుతుంది. మా పద్నాలుగు మందిలో పదకొండు మంది క్రమం తప్పకుండా పెడుతున్నారు. ముగ్గురు ఫోన్ ముట్టుకోరు. వాళ్లకి పాత పుస్తకమే, బలవంతం లేదు.

ఆ తిరిగి చదవడం ఎందుకో చూడండి. ఒక పెదనాన్న "అరవై సెంట్లలో పన్నెండు బస్తాలయినయ్యి" అని పెట్టాడు. యాప్ దాన్ని ఆరు క్వింటాళ్లుగా రాసింది. దాని లెక్కలో బస్తా అంటే 50 కిలోలు. మన దగ్గర వడ్ల బస్తా 75 కిలోలని దానికేం తెలుసు? అసలు లెక్క తొమ్మిది క్వింటాళ్లు. ఆ షీట్ చూసి డబ్బులిస్తే ఆయన పంటలో మూడో వంతు గాల్లో కలిసిపోయేది. ఇప్పుడు బస్తాలు, పుట్లు, కుంచాలు అన్న మాటలన్నీ ఎలా ఉన్నవి అలాగే రాయమని, మార్చొద్దని పెట్టాం. డబ్బుల లెక్క కాటా చీటీ మీద ఉన్న కిలోలతోనే. సెంట్లని గుంటలుగా మార్చడం కూడా చూశాను. వంద సెంట్లు ఎకరం, నలభై గుంటలు ఎకరం, అరవై సెంట్లంటే ఇరవై నాలుగు గుంటలు. అది మాత్రం సంఖ్య మార్చకుండా "60 గుంటలు" అని రాసింది, అంటే ఎకరంన్నర. సర్వే నంబర్లు, విస్తీర్ణాలు పాస్‌బుక్ చూసి ఒక్కసారి చేత్తో ఎక్కించేశాం, మళ్లీ దానితో ముట్టించలేదు.

మాటల సంగతీ అంతే. వీడియోలకి సబ్‌టైటిల్స్, కింద రాసే వివరం దీనితో చేయిస్తే గంట పని పది నిమిషాల్లో అవుతుంది. కానీ దాళ్వా అంటే రబీ అని మార్చేస్తుంది, సార్వాని ఖరీఫ్ చేస్తుంది, నీమాస్త్రం ఒకసారి "నీ మాస్టారు" అయింది. మడ్డిని "మలినాలు" అంది. బాబాయి మాట్లాడింది చదివితే ఎవరో ఆఫీసరు మాట్లాడినట్టుంటుంది. నాకు ఇది నచ్చలేదు. మన వీడియోలు జనం చూసేది రైతు తన మాటలో చెప్తాడనే కదా. అరవై మాటల పట్టిక ఒకటి తయారుచేసి, "ఇవి మార్చకు" అని ప్రతిసారీ ముందు పెడుతున్నాం. తొంభై శాతం వింటుంది. మిగతా పది నేను దిద్దుతాను. ఎల్లుండి, ఆవలెల్లుండి దగ్గర మాత్రం ఇప్పటికీ తడబడుతూనే ఉంది, డెలివరీ తేదీలు అంకెల్లో అడిగి రాయించుకోండి.

ఇంకో విషయం, కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు, రైతుల ఆధార్, పాస్‌బుక్, బ్యాంకు వివరాలు ఏ ఏఐ యాప్‌లోనూ పెట్టకండి. ఉచిత యాప్‌లలో మనం రాసింది వాళ్లు శిక్షణకి వాడుకునే అవకాశం ఉంటుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపే వీలుంటే ఆపండి. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మనల్ని నమ్మి ఇంటి నంబర్ ఇచ్చినవాళ్లది మన దగ్గరే ఉండాలి. మెసేజ్ యాప్‌లో పెట్టేముందు పేరు, నంబర్ తీసేయడం చెల్లెమ్మకి ఇప్పుడు అలవాటైపోయింది. రైతుల వాయిస్ మెసేజ్‌లకి కూడా ముందు వాళ్లని కూర్చోబెట్టి, ఇది ఎక్కడికి వెళ్తుందో చెప్పి, సరే అన్నాకే మొదలుపెట్టాం. ఒకాయన "నా కషాయం పాళ్లు మాత్రం అందులో చెప్పను" అన్నాడు. ఆయనిష్టం. ఆయన పాళ్లు ఆయన పుస్తకంలోనే ఉన్నాయి.

ఖర్చు అడిగారు కాబట్టి: మొదటి నాలుగు నెలలు ఉచిత యాప్‌తోనే చేశాం. ఇప్పుడు ఒక పెయిడ్ ప్లాన్, నెలకి రెండు వేల లోపు. వాడకాన్ని బట్టి కట్టే ప్లాన్లు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి గమనించండి, ఈ యంత్రాలు మాటల్ని ముక్కలుగా కొట్టి లెక్కేస్తాయి. ఇంగ్లీషు మాట ఒకటో రెండో ముక్కలైతే, తెలుగు మాట చాలావాటిలో అంతకంటే బాగా ఎక్కువ ముక్కలవుతుంది. అంటే అదే జవాబుకి తెలుగులో ఎక్కువ పడుతుంది. అమ్మడానికి వచ్చినవాళ్లు ఇంగ్లీషు లెక్క చూపిస్తారు, మీ సొంత తెలుగు మెసేజ్‌లు ఒక వంద పెట్టి చూపించమనండి.

టైం విషయానికొస్తే, మెసేజ్‌లకి రోజుకి రెండున్నర గంటలు పట్టేది ఇప్పుడు గంటలోపు అవుతోంది. మిగిలిన టైంలో చెల్లెమ్మ పాత కస్టమర్లకి ఫోన్ చేసి మాట్లాడుతోంది, బియ్యం ఎలా ఉడికింది, పురుగేమైనా వచ్చిందా అని. ఆ ఫోన్లలో వచ్చే ఆర్డర్లు మెసేజ్‌లలో వచ్చేవాటికంటే ఎక్కువ. జీతం తగ్గించలేదు, మనిషిని తీయలేదు. నిజానికి డ్రాఫ్ట్ చూసి తప్పు పట్టగలిగే మనిషి దొరకడమే కష్టం. పంట తెలియాలి, చదవడం రావాలి, పెద్దపెద్ద మాటలకి బెదరకూడదు.

మీరు మొదలుపెట్టాలనుకుంటే యాప్ ఏది అని అడక్కండి, ఏదైనా పర్వాలేదు. ముందు మీ ఫోన్లో పోయిన ఆరు నెలల మెసేజ్‌లు తెరవండి, ప్రశ్నలు ఒక పుస్తకంలో రాయండి, జవాబులు మీ ఇంట్లోవాళ్లతో కలిసి రాయండి. ఒక పంటకి ఇరవై ప్రశ్నలు చాలు. మా 41 ప్రశ్నల్లో బెల్లం, దేశవాళీ బియ్యం, పసుపు వరకు ఉన్నవి వచ్చే వారం వీడియోలో ఒక్కొక్కటీ చదివి చూపిస్తాను. మినుముకి ఇంకా పూర్తికాలేదు, కోతలయ్యాక బాబాయిలతో కూర్చోవాలి.